లారీ పొట్ట విప్పితే

ఒక రిమోట్ లారీ చెడిపోయింది, దాన్ని నేనే బాగుచేశాను. ఇంతే కదా, దీనికింత పొడుగు రాత ఎందుకని అనుకుంటారేమో. స్క్రూడ్రైవర్ పట్టి పని చేసింది నాలుగు ఆదివారాలే. కానీ ఆ లారీ పొట్టలో ఉన్న ఒక్కో వస్తువూ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు కనిపెట్టారు, మన వీధుల్లోకి ఎలా చేరింది అని వెతుక్కుంటూ పోతే మూడు నెలలు గడిచిపోయాయి. వెతికినకొద్దీ నాకు తేలిందేమిటంటే, అందులోని పనులు కొన్ని మన అమ్మమ్మల గుమ్మం ముందు రోజూ జరిగినవే. వాటి పేర్లు మారాయి, చేసేవాళ్ళు వీధిలోకి రావడం మానేశారు.

ముందు లారీ సంగతి. మా తమ్ముడు గల్ఫ్‌లో వెల్డరు. శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు పల్లెల్లో చెన్నైకో, హైదరాబాదుకో, గల్ఫ్‌కో మనిషిని పంపని వీధి కనపడదు. వాళ్ళు సెలవుకి వచ్చినప్పుడు పెట్టెలో సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరాలు, ఒక బొమ్మ ఉంటాయి. ఈసారి ఆ బొమ్మ మా బాబుకి. మనిషి పిడికిలంత చక్రాలున్న నల్ల లారీ. మూడో నెలలో ఆగిపోయింది.

బజార్లో ఒక దుకాణానికి తీసుకెళితే, చేతిలోకి కూడా తీసుకోకుండానే "ఇవి రిపేరుకి రావమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొత్తది కొనొచ్చు, నిజమే. కానీ మేనమామ మళ్ళీ వచ్చేది రెండేళ్ళకి. వాడు ఆ లారీని మంచం కిందికి తోసి, పైన తువ్వాలు కప్పి, ఎవరైనా ఊడ్చేటప్పుడు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. ఆడడానికి పనికిరాని బొమ్మని ఎందుకలా దాచుకుంటాడో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

మా అత్తయ్యగారిది బొబ్బిలి దగ్గర పల్లె. నేను మొదటిసారి టంకం కర్ర, అదే సోల్డరింగ్ ఐరన్, ప్లగ్గులో పెట్టి కూర్చున్నప్పుడు ఆవిడ వాసన పట్టి వచ్చారు. "ఏటమ్మా అది, కళాయోడి పనా?" అన్నారు. నవ్వేశాను గానీ, ఆ మాటే నాకు దారి చూపించింది.

కళాయి వేసేవాణ్ణి చూసినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో తెలియదు. "కళాయి పూస్తాం, బిందెలకి మాట్లేస్తాం" అని కేకేసుకుంటూ వచ్చేవాడట. చెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో ఊదేవాడు. ఇత్తడి గిన్నెని ఇసకతో రుద్ది, నిప్పుల మీద బాగా కాచి, తెల్లటి నవాసాగరం పొడి చల్లేవాడు. గుప్పున తెల్లపొగ లేచేది. వెంటనే తగరం ముక్కని గిన్నెకి తాకిస్తే కరిగి జారేది. దాన్ని దూదితో గిన్నె లోపలంతా తిప్పి తిప్పి పూస్తే, పచ్చటి గిన్నె వెండిలా మెరిసేది. పిల్లలంతా చుట్టూ చేరేవారట. మా అత్తయ్యగారు ఇప్పటికీ ఆ పొగ వాసన గుర్తుచేసుకుని ముక్కు చిట్లిస్తారు.

కళాయి ఎందుకంటే, చింతపండు పులుసు ఇత్తడితో, రాగితో పడదు. పులుపు తగిలితే చిలుము పట్టి, వంట విషమవుతుంది. మధ్యలో తగరం పొర ఉంటే భయం లేదు. శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలంలోని బుడితి ఊరు కంచు, ఇత్తడి పనికి పేరు మోసింది, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కంచు అంటే రాగిలో తగరం కలిపిన లోహమే. అంటే మన వైపు ఇళ్ళలో తగరం కంచు పళ్ళెంలో ఉంది, ఇత్తడి గిన్నె లోపల ఉంది, పులుసు కాచే ఈయచెంబులో ఉంది.

ఇప్పుడు లారీ లోపల ఆకుపచ్చ బోర్డు మీద మెరిసే చుక్కలున్నాయే, అవీ తగరమే. తగరం 63 పాళ్ళు, సీసం 37 పాళ్ళు కలిపితే 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. విడిగా అయితే తగరానికి 232 డిగ్రీలు కావాలి, సీసానికి 327. రెండూ కలిస్తే విడివిడిగా కన్నా తక్కువ వేడికే కరగడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. 183 అంటే ఎంతో మనకి చేతికి తెలుసు. గారెలు వేసే నూనె ఇంచుమించు అంత కాగుతుంది. ఇక నవాసాగరం చేసే పని ఏమిటంటే, వేడికి విడిపోయి లోహం మీది మురికి పొరని తినేసి, తగరం అంటుకునేలా చేస్తుంది. బోర్డుల దగ్గర అదే పని రోజిన్ చేస్తుంది. పైన్ చెట్టు నుంచి తీసే బంక అది. బిందె మాటుకి వాడే ఘాటైన మందు బోర్డు మీద పెడితే సన్నటి తీగల్ని నెమ్మదిగా కొరికేస్తుంది కాబట్టి, ఇక్కడ సాధువైన రోజిన్ కావాలి. హార్డ్‌వేర్ షాపులో ఏ పేస్ట్ పడితే అది తెచ్చుకోకండి, "ఎలక్ట్రానిక్స్‌కి" అని అడగండి.

సీసం మాట ఎత్తాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు సీసం కలిసిన టంకం జోలికి పోకండి. మిగతావాళ్ళు కూడా కిటికీ తెరిచి, పిల్లల్ని దూరం పెట్టి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని గాని వంటింట్లోకి వెళ్ళకండి. వెనకటికి కళాయిలో తగరం తగ్గించి సీసం కలిపే మోసగాళ్ళూ ఉండేవాళ్ళు. ఆ గిన్నెల్లో పులుసు తిన్నవాళ్ళ సంగతి ఆలోచించండి. యూరప్ దేశాలు 2006 జూలై నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని చాలావరకు ఆపేశాయి. సీసం లేని టంకం మన దగ్గరా దొరుకుతుంది. కాస్త ఎక్కువ వేడి అడుగుతుంది, అంతే.

లారీ విప్పడానికి నాకు పాత పోపులపెట్టె పనికొచ్చింది. అడుగున పొడుగు స్క్రూలు ఒక గిన్నెలో, బ్యాటరీ మూతవి ఒక గిన్నెలో, చక్రాలవి ఇంకో గిన్నెలో. ఆవాలు, మెంతులు కలవకుండా చూసుకునే చేతికి ఇది కొత్త కాదు. విప్పే ముందు ప్రతి దశలోనూ ఫోన్‌తో ఒక ఫొటో తీశాను. ఏ తీగ ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.

మరి రోగం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఇంట్లో కరెంటు పోతే మనమేం చేస్తాం? ముందు పక్కింట్లో ఉందా చూస్తాం, తర్వాత మెయిన్ చూస్తాం, ఆ తర్వాత బల్బు. ఇదీ అంతే. రిమోట్‌లో కొత్త సెల్సు వేశాను, లైటు వెలిగింది. లారీ బ్యాటరీలో ఒక్కొక్కటి 1.2 వోల్టుల సెల్సు నాలుగు, కలిపి 4.8. మల్టీమీటరు పెడితే సరిపడా చూపించింది. లారీ స్విచ్ వేశాక దాని లైటు మినుకుమినుకుమని, రిమోట్ వేయగానే నిలకడగా వెలిగింది. అంటే ఇద్దరికీ మాట కలిసింది. ముందు చక్రాలు కుడికీ ఎడమకీ తిరుగుతున్నాయి. వెనక మోటారు మాత్రం ఉలకదు, పలకదు. అప్పుడు మోటారు రెండు కాళ్ళకీ రెండు పెన్‌టార్చి సెల్సు నేరుగా తగిలించాను. గిర్రున తిరిగింది! బోర్డు బతికే ఉంది, మోటారు బతికే ఉంది, మధ్యలో కబురు తెగింది. చూస్తే మోటారు దగ్గర ఎర్ర తీగ ఊడిపోయి, పైనున్న జిగురు వల్ల అతుక్కునే ఉన్నట్టు కనిపిస్తోంది.

అతుకు పెట్టడంలో ఉన్న కిటుకు ఒక్కటే. టంకాన్ని కాల్చకూడదు, అతకాల్సిన చోటుని కాల్చాలి. ఆ చోటు వేడెక్కాక టంకం తీగ తాకిస్తే తనంత తనే పాకుతుంది. ఊరికే పైన కారిస్తే ముద్దలా కూర్చుని, ముదురుపాకంలా గడ్డకట్టి, ఒక్క కుదుపుకి ఊడుతుంది. మంచి అతుకు నున్నగా మెరుస్తుంది. అమ్మాయిలకి ఇది రాదని ఎవరైనా అంటే, రాజస్థాన్ అజ్మీర్ జిల్లాలో తిలోనియా అనే పల్లె ఉందని చెప్పండి. అక్కడి బేర్‌ఫుట్ కాలేజీలో చదువు రాని అమ్మమ్మలు సోలార్ దీపాల బోర్డులకి టంకాలు వేస్తారు. ఆఫ్రికా పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఆరు నెలలుండి నేర్చుకుని వెళ్ళారు. ఉమ్మడి భాష లేకపోతే రంగులు చూపించి, సైగలు చేసి నేర్పారు.

ఇక గాలిలో వెళ్ళే కబురు సంగతికొద్దాం. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

1895లో కలకత్తా టౌన్‌హాల్లో జగదీశ్ చంద్ర బోస్ ఒక ప్రదర్శన చేశారు. ఒక గదిలో పరికరం నడిపితే, గోడలు దాటి, అవతల గదిలో గంట మోగింది, తుపాకిమందు పేలింది. మధ్యలో తీగ లేదు. దూరాన ఉన్న వస్తువుని ముట్టుకోకుండా పని చేయించడమంటే ఇదే కదా! మన దేశంలో, మన పక్క రాష్ట్రానికి పక్క రాష్ట్రంలో జరిగింది. మూడేళ్ళ తర్వాత 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్ళతొట్టిలో చిన్న పడవని రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. అదే ఏడాది నవంబరులో దానికి పేటెంటు వచ్చింది. చూసినవాళ్ళలో కొందరు లోపల తర్ఫీదు ఇచ్చిన కోతి ఉందనుకున్నారని చెబుతారు. మా అత్తయ్యగారు లారీని మొదటిసారి చూసి "లోపల ఏటుందిరా" అని అడిగారు కాబట్టి, ఆ న్యూయార్క్ జనాన్ని నేనేమీ అనను.

బోస్‌కి పేటెంట్లంటే గిట్టదు. జ్ఞానాన్ని అమ్ముకోకూడదన్నది ఆయన పట్టు. ఆయన్ని ఒప్పించినవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు, సోదరి నివేదిత, అమెరికా ఆవిడ సారా బుల్. వాళ్ళ పట్టుదల వల్లే 1901లో అమెరికాలో దరఖాస్తు పడింది, 1904లో పేటెంటు వచ్చింది. గెలీనా అనే సీసపు ఖనిజంతో తరంగాలని పసిగట్టే పరికరం అది. పిల్లల పుస్తకాల్లో బోస్ ఉంటారు, మొక్కలకి ప్రాణం ఉందన్న పాఠం ఉంటుంది. ఈ ఇద్దరి సంగతి ఉండదు.

ఇంకో ఆవిడ కథ ఇంకా బాగుంటుంది. హెడీ లమార్ హాలీవుడ్ నటి. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా అందగత్తె అని పోస్టర్ల మీద వేసేవారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. రేడియోతో నడిపే టార్పెడోని శత్రువు అదే తరంగం పట్టుకుని దారి తప్పించేస్తాడు, ఎలా? ఆవిడా, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడూ కలిసి ఒక ఉపాయం చెప్పారు. పంపేవాడూ అందుకునేవాడూ ఒకే లెక్క ప్రకారం తరంగం మార్చుకుంటూ గెంతుతూ పోతే, మధ్యలోవాడికి చిక్కదు. పియానోకి 88 మెట్లుంటాయి కాబట్టి 88 తరంగాలు అన్నారు. 1942 ఆగస్టులో పేటెంటు వచ్చింది, కాగితం మీద ఆవిడ పేరు హెడీ కీస్లర్ మార్కీ అని ఉంది. అమెరికా నౌకాదళం అప్పుడు దాన్ని వాడలేదు. ఆవిడకి ఆ పనికి తగ్గ గౌరవం 1997లో గాని దక్కలేదు, 2000 జనవరిలో పోయారు.

మా లారీ రిమోట్ మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది. ఈ రకం రిమోట్లు చాలావరకు అలా గెంతే పద్ధతినే వాడతాయి. పాత బొమ్మలు 27 మెగాహెర్ట్జ్‌వి, వాటికి పొడుగ్గా ఏరియల్ ఉండేది. ఒకే వీధిలో ఇద్దరు పిల్లలకి అదే రకం కారుంటే, ఒకడు బటన్ నొక్కితే రెండోవాడి కారు కాలవలో పడేది. 2.4 వాటితో ఆ గొడవ లేదు. మా వీధిలో ఇప్పుడు నాలుగు రిమోట్ బండ్లు ఒకేసారి తిరుగుతాయి, దేని యజమాని మాట అది వింటుంది.

ఈ రిమోట్ చట్టం లెక్కన ఒక వైర్‌లెస్ యంత్రం. బ్రిటిషు వాళ్ళ కాలంలో, 1933లో వచ్చిన చట్టం ప్రకారం వైర్‌లెస్ పరికరం ఇంట్లో ఉండాలంటే లైసెన్సు ఉండాలి. పాటలు వినే రేడియోకి కూడా! ఏడాదికోసారి పోస్టాఫీసుకి వెళ్ళి, రుసుం కట్టి, పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యదాకా ఇది నడిచింది. మా అమ్మ ఇనప్పెట్టెలో తాతయ్య రేడియో లైసెన్సు పుస్తకం ఇంకా ఉంది. పొలం కాగితాల పక్కన. ఇక 27 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం నియమాలు ఇచ్చింది 2005లో. చంటిపిల్లాడి చేతిలోని రిమోట్ నిశ్చింతగా పలుకుతోందంటే వెనక ఆ గెజెట్ కాగితాలున్నాయి.

రేడియో అన్నాక ఆగలేను. తెలుగు మాట మొదట మద్రాసు స్టేషన్ నుంచి, 1938 నుంచి వినపడింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చింది, మనకి దగ్గరగా విశాఖపట్నం కేంద్రం 1963లో. దానికి తోడు సిలోన్. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం మధ్యాహ్నం వంట తొందరగా ముగించుకునేదాన్నని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అంత ప్రాణమైన రేడియో ఆగిపోతే ఇల్లు చిన్నబోయేది. అందుకే ప్రతి ఊళ్ళోనూ రేడియో మెకానిక్కు ఉండేవాడు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బజార్లలోనూ, శ్రీకాకుళంలోనూ ఇరుకు గది, వేలాడే బల్బు, బల్ల నిండా విప్పిన మర్ఫీలూ బుష్‌లూ. ఆయన ముందు స్టూలు మీద కూర్చుని చూస్తే పొట్ట లోపలిదంతా కనపడేది. "ఇది పోయింది, ఇది మారుస్తున్నాను" అని చూపించి మరీ మార్చేవాడు. కళాయి కూడా గుమ్మం ముందే, బిందె మాటు కూడా మన కళ్ళ ముందే. మా అత్తయ్యగారు అయిదో తరగతి దాటలేదు, కానీ నవాసాగరం ఎప్పుడు చల్లాలో చెప్పగలరు. చూసి చూసి వచ్చిన విద్య అది.

ఇప్పటి వస్తువులు కష్టమైనవి కాబట్టి మనకి రిపేరు రాదని అంటారు. నేను ఒప్పుకోను. గొట్టాల రేడియో లోపల ఉండే వోల్టేజి మనిషిని చంపేంత ఉండేది, ఈ లారీలో ఉన్నది 4.8 వోల్టులు. సంగతేమిటంటే, బాగుచేసే కూలి కన్నా కొత్త బొమ్మ చవకైపోయింది. అప్పుడు బాగుచేసేవాడు దుకాణం మూసి సెల్‌ఫోన్ కవర్లు పెట్టుకున్నాడు. వాడి ముందు స్టూలు పోయింది. స్టూలు పోయాక మన పిల్లలు చూసేది మూసిన పెట్టెనే. స్టీలు గిన్నెలు వచ్చాక కళాయివాడికి జరిగిందీ ఇదే. స్టీలు మంచిదే, నాకు తోమడం సుఖం, నేనేమీ ఇత్తడి రోజులు రావాలని కోరుకోవడం లేదు.

మన వైపు పిల్లల బండ్లకి అసలు దుకాణమే అక్కర్లేదు ఒకప్పుడు. ముంజెలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి పంగల కర్ర. విరిగితే ఇంకో బుర్ర. ఆడపిల్లలకి లక్కపిడతలు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రని చిత్రిక పట్టి, తిరుగుతున్న కర్రకే లక్క తాకిస్తే ఆ రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. అక్కడి సి.వి.రాజు గారు సహజ రంగుల్ని మళ్ళీ నిలబెట్టారు, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగపిల్లాడికి బండి, ఆడపిల్లకి పొయ్యి, కుండలు అని ఎవరు పంచారో గానీ, రెండూ ఒకే కర్రతో చేసినవే.

మోటారుతో తిరిగే బొమ్మలు జపాను నుంచి మొదలై ఊపందుకున్నాయి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో కెనిచి మాబుచి అనే ఆయన గుర్రపునాడా ఆకారపు అయస్కాంతంతో చిన్న మోటారు తయారుచేశాడు. అంతకుముందు చాలా బొమ్మలకి కీ తిప్పే స్ప్రింగే. రిమోట్ కార్లు 1966లో ఇటలీలో అమ్మకానికి వచ్చాయి. 1976లో జపాను కంపెనీ టామియా పోర్షే కారు బొమ్మ తెచ్చాక ఇది పెద్దవాళ్ళకి కూడా వ్యసనమైంది. టామియా బండి పెట్టెలో ముక్కలుగా వస్తుంది, కొన్నవాడే బిగించుకోవాలి. బిగించినవాడికి విప్పడం వస్తుంది, ఏ ముక్క విరిగినా ఆ ఒక్కటే కొనుక్కోవచ్చు. మా లారీలాంటివి వేరే జాతి, విప్పరన్న నమ్మకంతో చేసినవి. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మల మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండి తీరాలన్నారు. దానికి ముందు ఏడాది దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి పెంచారు. బొమ్మ భద్రంగా ఉండాలన్న నియమం వచ్చింది, మంచిదే. దానికి విడిభాగం దొరకాలన్న నియమం ఎప్పుడొస్తుందో!

ఎందుకంటున్నానంటే, ఎర్ర తీగ అతికాక మా కథ అయిపోలేదు. లారీ స్విచ్ వేస్తే మోటారు కీచుమంటోంది, చక్రాలు మాత్రం కదలవు. గేర్ల పెట్టె విప్పితే, మోటారు కడ్డీకి బిగించిన బుల్లి పళ్ళచక్రం నిలువునా చీలి ఉంది. కడ్డీ లోపల తిరుగుతోంది, చక్రం ఊరికే కూర్చుంది. ఈ రకం బొమ్మల్లో ఇది తరచూ వచ్చే జబ్బని తర్వాత తెలిసింది. జిగురు పెడితే నిలవదు, పెట్టకండి. పళ్ళు లెక్కపెట్టాను, పది. కడ్డీ మందం 2 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలు చెప్తే ఆన్‌లైన్‌లో పొట్లం లెక్కన దొరుకుతాయి. పది రోజులకి వచ్చింది. రెండు చెక్కముక్కల మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కితే బిగుసుకుంది.

మోటారు వెనక పసుపు బిళ్ళల్లాంటివి చిన్నవి ఉంటాయి, కెపాసిటర్లు. మోటారు లోపల లేచే నిప్పురవ్వల గోల రేడియోకి అడ్డు రాకుండా అవి పట్టేస్తాయి. అవి ఊడితే బండి దగ్గర్లో నడుస్తుంది, నాలుగడుగులు దూరం పోతే మాట వినదు. కాబట్టి "ఇదేదో అక్కర్లేని బిళ్ళ" అని తీసి పారేయకండి. అలాగే బ్యాటరీ గదిలో తెల్లగా పొంగిన తుప్పు ఉంటే, ఆల్కలైన్ సెల్స్‌ది అయితే దూదితో నిమ్మరసం అద్ది తుడిచి, ఆరబెట్టండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు, ఛార్జింగ్ అసలు పెట్టొద్దు. దాన్ని ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి.

నాలుగో ఆదివారం సాయంత్రం తమ్ముడికి వీడియో కాల్ చేసి, లారీ నడుస్తుండగా చూపించాడు మా బాబు. వాడు బండి చూడలేదు, "అప్పా, మూత తీసి అతుకు చూపించు" అన్నాడు. వెల్డరు కదా. ఫోను దగ్గరగా పెట్టాను. కాసేపు చూసి, "పర్లేదు, పాకింది" అన్నాడు. మా బాబు అప్పటికే లారీని డాబా మీదకి తీసుకుపోయాడు.

ఈ వార్త వీధిలో పాకి, పక్కింటి పెద్దమ్మగారు తన పాత ట్రాన్సిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. బ్యాటరీ గది తుడిచాను, గరగరమని పలుకుతోంది. కానీ స్టేషన్ తిప్పే దారం తెగిపోయింది. అది చిన్న చక్రాల చుట్టూ ఏ వరసలో చుట్టుకు రావాలో నాకు తెలియడం లేదు. మీ ఇంట్లో నాన్నగారికో, మావయ్యగారికో తెలిస్తే అడిగి చెప్పండి, కాగితం మీద బొమ్మ గీసి ఫొటో పంపినా చాలు.